వాసనా దీదీ

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని చిన్నప్పటినుంచీ మా ఇంట్లో అనేవారు. కిందటేడాది జనవరిలో వచ్చిన జ్వరంతో ముక్కు పనిచేయడం మానేసింది. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ముక్కు పోయిన సంగతి నాకు చెప్పింది ఢిల్లీ ద్వారకలో మా పక్క ఫ్లాట్ ఆంటీ. ఆదివారం పొద్దున స్టవ్ మీద పప్పు పెట్టి హాల్లో పేపరు చదువుకుంటున్నాను. ఆవిడ బెల్లు కొట్టి, మీ ఇంట్లో ఏదో కాలిపోతోంది చూసుకోండి అంది. వెనక్కి తిరిగితే వంటింట్లోంచి పొగ. ఫోన్లో ఉండి గమనించలేదని అబద్ధం చెప్పి పంపేశాను. తర్వాత ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కిందే పెట్టుకున్నాను. ఏమీ లేదు. కాఫీ పొడి, వెల్లుల్లి, ఆఖరికి బాత్రూంలో ఫినాయిల్ సీసా కూడా చూశాను. ఇంగువ వాసన కూడా తెలియని మనిషి ఇక ఏం మనిషి అని నా మీద నాకే ఒళ్లు మండింది.

వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నాలుగు చిన్న సీసాలు రాసిచ్చాడు: నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, గులాబీ. రెండు పూటలా కళ్లు మూసుకుని, ఒక్కొక్కదాని వాసన గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలట. బుద్ధిగా పీలుస్తున్నాను. ఆ నాలుగూ ఇప్పటికీ నాకు ఒకటే. బీరువాలో అమ్మ శాలువా ఒకటుంది, ఆవిడ పోయాక ఉతకకుండా దాచుకున్నది. జ్వరానికి ముందు అప్పుడప్పుడూ తీసి మొహానికి ఆనించుకునేదాన్ని. దానికింకా అమ్మ వాసన ఉందో పోయిందో ఇప్పుడు నాకు తెలియదు. పెళ్లి పెటాకులైన దగ్గర్నుంచీ ఒక్కదాన్నే ఉంటున్నాను కాబట్టి, అడుగుదామంటే ఇంట్లో రెండో ముక్కు లేదు.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియాలంటే గుర్గావ్ డిన్నర్ల గురించి చెప్పాలి.

ఏడేళ్ల కిందట, అప్పుడు నాతో పనిచేసే ఒకావిడ వాళ్లింటికి భోజనానికి పిలిచింది. ఆవిడ భర్తకి వైన్ పిచ్చి. అప్పటిదాకా నేను వైన్ ముట్టి ఎరగను. అందరూ గ్లాసులు తిప్పుతూ బెర్రీలు, వెనీలా అంటుంటే, నేనూ ముక్కు పెట్టి చూసి, నాకొచ్చిన హిందీలో, “ఇస్ మే తో బహుత్ అచ్ఛీ వాసన హై” అన్నాను, ఇందులో చాలా మంచి వాసన ఉందని. హిందీలో ఆ మాటకి కామం అని అర్థమని నాకేం తెలుసు? ఒక్క క్షణం బల్ల దగ్గర చప్పుడు లేదు. తర్వాత ఆయన నవ్విన నవ్వుకి చేతిలో గ్లాసు ఒలికింది. నన్ను పిలిచిన స్నేహితురాలు చెవిలో సంగతి చెప్పేసరికి నా మొహం జేవురించింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. కానీ అలా వెళ్తే ఇంకా నవ్వుతారు. అందుకని కోపంగా, ఆ గ్లాసులో నాకు తగిలినవన్నీ వరసగా చెప్పాను: తడిసిన కొబ్బరి పీచు, ఎండు ఉసిరి, చివర్న కాస్త గంధం చెక్క. ఆయన నవ్వు ఆపి మళ్లీ వాసన చూశాడు. అవునే, అన్నాడు.

అది మా అమ్మ చేసిన ముక్కు. అమ్మ వంట చేస్తూ రుచి చూసేది కాదు, ఎంగిలి అవుతుందని. చారు పొంగు వచ్చేటప్పుడు వంగి ఆవిరి పీల్చి, ఉప్పు చాలలేదే అనేది. నేనూ అలాగే వండడం నేర్చుకున్నాను. ఆ విద్య ఢిల్లీలో ఇలా అక్కరకొస్తుందని ఆవిడ కల్లో కూడా అనుకుని ఉండదు. ఆ రోజు నుంచి నేను వాసనా దీదీనయ్యాను. మా ఫోన్ గ్రూపు పేరు వాసనా క్లబ్. నేను నోరు విప్పేదాకా వైన్ గురించి ఎవరూ మాట్లాడకూడదని ఆయనే రూలు పెట్టాడు.

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో నాకు వేరే అర్హత లేదు. వాళ్ల క్రికెట్ నాకు అర్థం కాదు, పిల్లల కాలేజీల కబుర్లలో నాకు చెప్పడానికేమీ ఉండదు. ఉద్యోగం మారాక ఆఫీసు కబుర్లు కూడా లేవు. ఉన్నదల్లా ముక్కు. నెలకి ఒక ఆదివారం ఆ బల్ల దగ్గర తప్ప, ఇంకొకరితో కలిసి కూర్చుని నేను తినే పూట లేదు. ముక్కు పోయిందని తెలిస్తే ఎందుకు పిలుస్తారు? పిలిచినా జాలిపడి పిలుస్తారు. ఆ పిలుపు నాకు అక్కర్లేదనుకున్నాను.

అందుకని నటించాను. నాలుక ఇంకా పనిచేస్తోంది. తీపి, పులుపు, చేదు, వగరు తెలుస్తాయి. రంగు కళ్లకి కనిపిస్తుంది. మిగతాదానికి మా నాలుగో మనిషి ఉంది. ఘాజియాబాద్‌లో స్కూలు టీచరు, నెమ్మదస్తురాలు, రెండేళ్లుగా వస్తోంది. మీరే ముందు చెప్పండి, నేర్చుకోవాలి కదా అని పెద్దరికంగా ఆవిడ మీదకి తోసి, ఆవిడ చెప్పిందానికి అవును, దాని వెనకాల కాస్త జాజికాయ అని ఒక ముక్క తగిలించేదాన్ని. వెనకాల ఏముందో ఎవరు తేలుస్తారు?

డిసెంబరు డిన్నరుకి ఆయన నాలుగు సీసాలకీ తన ఉన్ని మేజోళ్లు తొడిగి పెట్టాడు, పేర్లు కనబడకుండా. ఈసారి రూలు రూలే, వాసనా దీదీయే ముందు అన్నాడు. మొదటిది నాలుక మీద చురుక్కుమంది. పచ్చి ఆపిల్ అన్నాను. రెండోది తెల్లది, పులుపు, నిమ్మతొక్క అన్నాను. మూడోది ఎర్రది, నోరంతా పట్టేసేంత వగరు. నేరేడు పండన్నాను, అందరూ తలలూపారు. మధ్యలో మటన్ వడ్డించారు. ఎంత బాగుందో అని అందరితోపాటు నేనూ అన్నాను. నాకది వేడిగా, మెత్తగా ఉందని మాత్రమే తెలుసు.

నాలుగో సీసా టీచరుది. వాళ్ల తమ్ముడు ఎప్పుడో ఇటలీ నుంచి తెచ్చిస్తే, మంచి రోజున తెరుద్దామని బీరువాలో దాచి ఉంచిందట. ఆ మాట చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. ఒక గుక్క తాగాను. మెత్తగా దిగింది. ఈ రాత్రికి ఇదే అన్నిటికన్నా గొప్పది, గులాబీ రేకులు, గంధం అని చెప్పేశాను.

స్నేహితురాలు గ్లాసు పెదాల దాకా తెచ్చి కింద పెట్టేసింది. ఆయన రెండుసార్లు వాసన చూశాడు. ఆ తర్వాత టీచరుకేసి చూసి, మెల్లగా, బిరడా చెడిపోయింది, మీ తప్పేం లేదు, ఒక్కోసారి అవుతుంది అన్నాడు. తడిసిన అట్టపెట్టె కంపు కొడుతోందట. మన ఇళ్లల్లో బియ్యం ముక్కిపోతే వచ్చే వాసన కాబోలు. ముగ్గురూ నా వైపు తిరిగారు.

ఆవిడ నొచ్చుకోకూడదని అలా అన్నానని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ పదకొండు నెలలుగా జాజికాయలూ గంధాలూ అల్లి అల్లి విసిగిపోయాను. చెప్పేద్దామనిపించింది. మా బల్ల దగ్గర ఏడేళ్లుగా వాడుతున్న మాటే నోటికొచ్చింది.

“మేరీ వాసన చలీ గయీ,” అన్నాను. “ఏక్ సాల్ హోనే కో ఆయా.” నా వాసన పోయింది, ఏడాది కావస్తోంది అని.

ఒక్క క్షణం చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను గుర్తుపట్టాను, ఏడేళ్ల కిందటిదే.

“సబ్‌కీ చలీ జాతీ హై, దీదీ,” అన్నాడాయన. యాభై దాటాక అందరికీ పోయేదేగా అని. భార్య ఆయన భుజం మీద ఒక్కటిచ్చి తనూ పడీ పడీ నవ్వింది. టీచరు పరువు కాపాడ్డానికి అబద్ధమాడి, దాన్ని జోకుతో కప్పేశానని వాళ్లనుకున్నారు. పోయిన వాసనకి అంటూ గ్లాసులెత్తారు. మన వాసనకి హిందీలో ఖుష్బూ అనే మాట నాకు రాక కాదు. ఒక్క ముక్క సరిచేసి చెబితే అందరికీ అర్థమయ్యేది. చెప్పలేదు. నేనూ నవ్వాను, నేనూ గ్లాసెత్తాను. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని తిన్న ఏ పూటా అంత ఒంటరిగా అనిపించలేదు.

కిందకి దిగేటప్పుడు లిఫ్టులో నేనూ టీచరూ ఇద్దరమే ఉన్నాం. ఆవిడ తన ముక్కు మీద వేలు పెట్టి చూపించి, నిజంగానే పోయిందా అని మెల్లగా అడిగింది.

“దీదీ, సచ్ మే చలీ గయీ?”

ఏడాదిగా ఎవరో ఒకరు అడగాలని నేను ఎదురుచూసిన ప్రశ్న. కానీ ఆవిడ కళ్లల్లో జాలి కనిపించింది. నా కోపం ఎక్కడుంటుందో ముందే చెప్పాను.

“అరే నహీ,” అన్నాను. “మజాక్ థా.” ఉత్త జోకేనని.

ఆవిడ అచ్ఛా అంది. కింద క్యాబ్ వచ్చేదాకా చలి గురించి మాట్లాడుకున్నాం.

తర్వాత జనవరిలోనూ, ఈ నెలా డిన్నర్లయ్యాయి. రెండుసార్లూ వెళ్లి ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చున్నాను, మళ్లీ అడుగుతుందేమోనని. అడగలేదు. మొన్న అమ్మ శాలువా కప్పుకుని వెళ్లాను. తినేటప్పుడు కావాలనే ఆవిడ వైపు జరిగాను, శాలువా చెంగు ఆవిడ చేతికి తగిలేంత దగ్గరగా. ఆవిడ దాన్ని పట్టుకుని చూసి, రంగు చాలా బాగుంది దీదీ అంది.