చినమావ కాగితాలకు ఒక చోటు

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ఈ ఉదయం నన్ను మేడ మీద పట్టుకున్నారు. నాలుగు రోజులుగా పట్టిన ముసురు వదిలి ఇవాళే కాస్త ఎండ కాస్తే, చినమావ కాగితాలు పాత దుప్పట్ల మీద పరిచి, గాలికి ఎగిరిపోకుండా ఒక్కో దొంతర మీద ఒక్కో రాయి పెట్టుకుంటూ కూర్చున్నాను. మేడ అందరిదీ అనీ, వడియాలైతే ఎవరూ ఏమీ అనరు గానీ ఈ చెత్తంతా ఎగిరి వాటర్ ట్యాంకులో పడితే ఎవరు పూచీ అనీ ఆయన సెలవిచ్చారు. చెత్త అన్న మాటకి నాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఈ ఊళ్ళో వారపత్రిక కొనే ప్రతి ఇంట్లోనూ ఆ చెత్త చదివేవారండీ అని చెప్పాలనుకున్నాను. చెప్పినా ఆయనకి పత్రిక అంటే పెళ్ళి శుభలేఖే గుర్తొస్తుందని ఊరుకున్నాను.

చినమావ అంటే మా అమ్మకి తమ్ముడు. మాది సముద్రం ఒడ్డునున్న పేట. మా నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ తట్టలో చేపలు పెట్టుకుని ఊళ్ళోకి అమ్మకానికి వెళ్ళేది. పేటలో మొదట కాలేజీ మెట్లెక్కినవాడు చినమావే. పోర్టులో గుమాస్తాగా చేరాడు. అక్కడ పారేసే కాగితాలు తెచ్చుకుని, వెనకవైపు ఖాళీగా ఉన్నచోట కథలు రాసేవాడు. ఆ కథల్లో మా పేటవాళ్ళే ఉండేవారు. ఎవరి ముక్కు, ఎవరి కోపం ఎవరికి తగిలించాడో పోల్చుకోవడం మా ఇళ్ళల్లో పెద్ద కాలక్షేపంగా ఉండేది. తన తిట్లు అచ్చులో పడ్డాయని పక్కింటి ముసలామె నెల్లాళ్ళు మాతో మాట్లాడకపోవడమూ, ఆ తరవాత వచ్చిన కథలో తాను లేనందుకు మరో నెల మాట్లాడకపోవడమూ నాకు బాగా గుర్తు.

సముద్రపు గాలిలో బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అక్కడ ఇనుమన్నది నిలవదు. కాగితాలకి గుండుసూది గుచ్చితే వానాకాలం వెళ్ళేసరికి అది తుప్పు పట్టి, కాగితానికి ఎర్రటి చిల్లు మిగిలేది. అందుకని చినమావ తన కథలని వల బాగుచేసే దారంతో కుట్టించుకునేవాడు. కుట్టేది మా నాన్న. నాన్నకి అక్షరం ముక్క రాదు. అయినా ఊరికే కుట్టేవాడు కాదు, కథ మొత్తం చదివి వినిపిస్తేనే సూది పట్టుకునేవాడు. సాయంత్రాలు గట్టు మీద వల ఒళ్ళో వేసుకుని కూర్చుని, "ఇయ్యాల అయిపోనాదేటి బామ్మర్దీ? అయితే సదువు, ముడేత్తాను" అనేవాడు. విన్నాక నచ్చితే మూల కుట్టి, పళ్ళతో దారం బిగలాగి, ఉప్పునీళ్ళలో నానినా జారని ముడి ఒకటి వేసేవాడు. నచ్చకపోతే కాగితాలు తిరిగి ఇచ్చేసేవాడు. "మరి ఆ ముసిల్ది ఏటయ్యింది? దాన్నలగ గట్టుమీద ఒగ్గేసి ఎల్లిపోతావేటి? నాను ముడెయ్యను" అని ఒకసారి మొండికేస్తే, చినమావ గొణుక్కుంటూ వెళ్ళి, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని, కథలో ముసలామెని ఇంటికి చేర్చి తెచ్చాడు. ముడి పడందే కథ పత్రికకి వెళ్ళేది కాదు. పడ్డదానికి నకలు రాసి పంపి, ముడి ఉన్న ప్రతిని పెట్టెలో దాచేవాడు. ముడి పడేదాకా కాగితాలు అటూ ఇటూ మారుస్తూనే ఉండేవాడు కాబట్టి పేజీలకి అంకెలు వేసే అలవాటే లేదు. ముడి ఉంటే అయిపోయినట్టు, విడిగా ఉంటే కానట్టు. మా ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క ఇది.

తరవాత నాకు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. అప్పట్లో అది ఎంత సంబరమో నా వయసువాళ్ళకి తెలుసు. పేటంతా మిఠాయి పంచారు. నాన్న మాత్రం ఆ వేళ చీకటితోనే వేటకి పోయి, బాగా పొద్దెక్కాక గానీ రాలేదు. ఆ ఏడాదే చినమావ నవల మొదలుపెట్టాడు. సముద్రం వదిలి ఫ్యాక్టరీకి వెళ్ళిన ఒక కుర్రాడి కథ. ఆ కుర్రాడెవరో అందరికీ తెలుసు, నాకు సిగ్గేసి ఆ ఊసే ఎత్తేవాణ్ణి కాదు. నేను షిఫ్టులతో క్వార్టర్స్‌లో ఉండేవాణ్ణి, వాళ్ళిద్దరూ గట్టు మీద ఆ నవల చదువుకునేవారు. చివరి కాగితం కూడా చదవడం అయ్యాక, నాన్న ముడి వేయనన్నాడని అమ్మ చెప్పింది. "ఆడింకా ఎనక్కొత్తాడు కదా బామ్మర్దీ, అప్పుడే అయిపోనాదంతే ఎలగ?" అన్నాడట. నేను నవ్వేశాను. ఆ తరవాత నాన్న పోయాడు, అమ్మ పోయింది. చినమావ ఆ నవలని అచ్చుకి ఇవ్వనే లేదు. నాన్న చివరికి మనసు మార్చుకుని ముడి వేశాడా, వేయలేదా అన్నది మాత్రం చినమావని అడగడానికి నాకు నోరు రాలేదు.

చినమావా పోయాక, పిల్లలు లేని అత్త రేకు పెట్టెలతో సహా గోపాలపట్నంలో మా ఫ్లాటుకి వచ్చేసింది. తాళంచెవులు బొడ్లో దోపుకుని, పెట్టెలు నన్ను కూడా తెరవనిచ్చేది కాదు. "ఈ కాయితాలకో ఇల్లు సూపించీసి గానీ నాను పోనురా అల్లుడూ, పద్దాకా తెరిస్తే గాలి తగిలి పాడయిపోతాయి" అనేది. అక్కణ్ణించి మొదలయింది నా తిరుగుడు. ఈ ఊళ్ళో మనిషికి ఇల్లు దొరకడమే కష్టం, కాగితానికి మరీ కష్టం. ఒకచోట మహానుభావుడండీ అని కాఫీ ఇచ్చి, ఆయన కళ్ళజోడూ కలమూ సన్మానపు శాలువాలూ ఇస్తే అద్దాల బీరువాలో పెడతాం, కాగితాలు మాత్రం చెదలు తెస్తాయి అన్నారు. ఇంకొకచోట అన్నీ స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెమ్మన్నారు. స్కాన్ చేశాక ఈ కాగితాలేం చెయ్యమంటారు అంటే, అది మీ ఇష్టం అన్నారు. ఒక పెద్దమనిషయితే చినమావ మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, చివర్లో ఆయన రాసింది కవిత్వమా నవలలా అని నన్నే అడిగాడు. మోకాళ్ళ నొప్పులతో బస్సులెక్కి దిగి, ప్రతిచోటా మొదటినుంచీ చెప్పుకొచ్చి, మళ్ళీ రండి అనిపించుకుని ఇంటికొస్తే, గుమ్మంలోనే అత్త, "దొరికిందేటిరా?" అని అడిగేది. ఆవిడ మీద విసుక్కోలేక చెప్పుల మీద విసుక్కునేవాణ్ణి.

చివరికి సీతమ్మధార వైపున్న ఒక సాహిత్య సంస్థవాళ్ళు శాశ్వతంగా ఉంచుతామన్నారు. అత్త వ్యాన్ ఎక్కి స్వయంగా వచ్చి, తాళంచెవులు వాళ్ళ చేతిలోనే పెట్టి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. రెండు నెలల తరవాత ఎలా ఉన్నాయో చూసొద్దామని వెళ్ళాను. నిర్వాహకుడు మహా ఉత్సాహంగా గదిలోకి తీసుకెళ్ళాడు. కొత్త బీరువా, నీలం రంగు ఫైళ్ళు, అన్నింటికీ ఒకే మందం. చినమావ కాగితాలన్నీ చిల్లులు పొడిచి, ట్యాగులు వేసి, కొలిచినట్టు సర్దేశారు.

"దారాలేవండీ?" అన్నాను.

"ఆ పాత తాళ్ళా సార్? చేపల కంపండీ బాబూ! కత్తిరించి చెత్తబండిలో వేయించేశాం. స్కానర్లో పెట్టాలంటే విడదీయాలి కదా. ఇప్పుడు చూడండి, ఎంత నీట్‌గా ఉన్నాయో."

"ఏవి కుట్టి ఉన్నాయి, ఏవి విడిగా ఉన్నాయి, రాసుకున్నారా?"

"ఎందుకు సార్? అన్నీ కాగితాలే కదా."

నేను జీవితంలో అంత గట్టిగా అరిచింది ఆ రోజే. ఆయన తప్పేమిటో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు, అదీ నా కడుపుమంట. దొంగతనం చేసినవాణ్ణి తిట్టొచ్చు, పాడుచేసినవాణ్ణి తిట్టొచ్చు, శుభ్రం చేశానని సంతోషపడుతున్నవాణ్ణి ఏమని తిట్టను? అంకెల్లేని కాగితాలు, ఒక కథ తల ఇంకో కథ తోకకి అతుక్కుని, అయినవీ కానివీ కలగాపులగమై ఉన్నాయి. ఆ సాయంత్రమే ట్రాలీ ఆటో మాట్లాడి అన్నీ ఇంటికి తెచ్చేశాను.

వానాకాలమంతా అత్తా నేనూ హాల్లో నేల మీద కూర్చుని వాటిని జతచేశాం. నేను చదివేవాణ్ణి, ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. ఒక్కోసారి కథలో పడిపోయి ఇద్దరమూ సర్దడం మరిచిపోయేవాళ్ళం. తప్పు కాగితం వస్తే, "అది కాదు, ఇక్కడ గాలి తిరగాల" అనేది. కథలు చాలామటుకు కుదిరాయి. నవల కూడా వరస దొరికింది. అందులో కుర్రాడు ఫ్యాక్టరీ గేటులోకి వెళ్ళడంతో చివరి కాగితం అయిపోతుంది. ఆ కాగితం మూల సూది చిల్లు ఉందేమోనని భూతద్దం పెట్టి చూశాను. సరిగ్గా ఆ మూలనే వాళ్ళు ట్యాగు కోసం పొడిచిన గుండ్రటి రంధ్రం ఉంది.

ఇవాళ మధ్యాహ్నం ఒక కాలేజీ లైబ్రేరియన్ వచ్చింది. ఓపిక ఉన్న అమ్మాయి. ఏదీ విప్పననీ, ఏదీ పొడవననీ, ఎలా ఇస్తే అలాగే పెట్టెల్లో ఉంచుతాననీ మాటిచ్చింది. రేపు వ్యాన్ వస్తుంది. ఎండబెట్టి తెచ్చిన కట్టలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వివరాలు రాసుకుని, నవల దగ్గర ఆగి, "ఇది పూర్తయిన రచనా సార్, అసంపూర్ణమా?" అని అడిగింది.

నేను అత్తవైపు చూశాను.

"ఆలిద్దరూ గట్టుమీద కూకొని ఏటేటో అనుకునీవోరు, నాకేటి తెలుసు?" అంది అత్త. "మీ నాన్న సంగతి నీకే తెలాల. నువ్వే సెప్పు."

నాకేం తెలుసు? నేను వెనక్కి వెళ్ళలేదు. షిఫ్టులు చేశాను, రిటైరయ్యాను, చేపలు మార్కెట్లో బేరమాడి కొనుక్కుంటున్నాను. ఇప్పుడు రాసేవాళ్ళకి కథ అయిపోయిందని ఒకరు ఒప్పుకోవాల్సిన పనిలేదు, రాసిన క్షణంలో అది ఊరందరి ఫోన్లలోనూ ఉంటుంది. మంచిదే కావచ్చు. కానీ కథలో మనుషుల గురించి బెంగపెట్టుకుని, ఒళ్ళో వల పక్కకి నెట్టి, ఇంకా కాలేదు పో అని తిప్పి పంపే మనిషి ఇప్పుడెక్కడా కనబడడు. నాన్న ముడి వేసి ఉంటే, నేనిక రానని ఏదో ఒక సాయంత్రం ఒప్పేసుకున్నట్టు. వేయకపోతే, చివరిదాకా చూసినట్టు.

"అసంపూర్ణం అని రాయమ్మా," అన్నాను. నాన్న ఇంకా నాకోసం చూస్తూనే ఉన్నాడని చెప్పే కాగితం ఈ లోకంలో ఒక్కటి ఉండాలని, ఈ వయసులో, నాకు ఏడుపొచ్చేటంత ఆశ కలిగింది.