అమ్మింది మళ్ళా కొనాల

బోరు వేయించడానికి మా నాయన దాచిన డబ్బు నా ఖాతాలో ఉండేది. ఆయనకు చెప్పకుండా దాన్ని ఒక షేరు ధర మీద పందెం లాంటి ఆప్షన్లు అమ్మడానికి పూచీగా పెట్టాను. వారం రోజుల పనే అనుకున్నాను.

ఆ కంపెనీ మూడు నెలల లాభనష్టాల ఫలితాలు రావాల్సి ఉంది. షేరు ఎటో ఒకవైపు గట్టిగా దూకుతుందని అందరూ అనుకోవడంతో ఆప్షన్ల ధరలు బాగా పెరిగాయి. ఇంప్లైడ్ వొలటిలిటీ ఎక్కువగా ఉండడమంటే ఇదే. నేను కాగితం మీద వరుసగా రాసుకున్నాను. ఒకటి, ధర ఎక్కువున్నప్పుడు అమ్మాలి. రెండు, షేరు పెరిగితే దెబ్బతీసే కాల్, తగ్గితే దెబ్బతీసే పుట్, రెండూ షేరు ఇప్పుడున్న ధరకు బాగా దూరపు ధరల దగ్గర అమ్మాలి. మూడు, ఫలితాలు వచ్చి భయం తగ్గాక చవగ్గా కొని మూసేయాలి. షేరు నిజంగానే దూకితే ఏం చేయాలన్నది మాత్రం రాసుకోలేదు. మదనపల్లె టమోటా మార్కెట్ నేర్పిన బుద్ధి నాది. అక్కడ రేటు బాగున్న రోజు పెట్టెలు అమ్మేసి ఇంటికి పోతాం. ఆ తర్వాత ఆ కాయ ఏమైతే మనకేం?

ఫలితాలు వచ్చే రోజు నాయన మార్కెట్లో టమోటా అమ్మి నా గదికి వచ్చాడు. బోరు బండి ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వాలని ఇద్దరం కుప్పం బస్సెక్కాం. పుంగనూరు రాకముందే ఫలితాలు వచ్చాయి. షేరు జారింది. నేనమ్మిన పుట్ ధర చూస్తుండగానే మూడు రెట్లయింది. కాల్‌లో వచ్చిన లాభం ఏ మూలకూ చాలదు. అంతలో సిగ్నల్ పోయింది. తెర మీద చివరి అంకె కదలకుండా నిలబడింది. బయట అది ఎంతకు చేరిందో తెలియదు.

“ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు? కడుపులో తిప్పతాందా?”

ఇక దాచలేక అంతా చెప్పాను.

“అమ్మేసినావు గదా, ఇంకేం బయం?”

“అమ్మింది మళ్ళా కొనాల నాయనా.”

“అదేంది? సంతలో ఎనుమును అమ్మినోడు దాని ఎనకాలే పోతాడా?”

“ఇందులో పోవాల్సిందే. దాని రేటు పెరిగేకొద్దీ మన దుడ్డు పోతాది.”

“యాడిదాకా పోతాది?”

“చెప్పలేను.”

“చెప్పలేనోడివి యాల అమ్మినావు?”

పుంగనూరు బస్టాండులో సిగ్నల్ వచ్చింది. పుట్ ఇంకా పెరిగింది. పూచీ చాలదు, మరింత డబ్బు వేయమని మెసేజ్ వచ్చి ఉంది. షేరు ఇంకా కిందికి పోతే లాభమిచ్చే మరో పుట్ కొని నష్టానికి అడ్డుకట్ట వేయొచ్చు. మొత్తం మూసేయొచ్చు. కాసేపు ఆగితే షేరు మళ్ళీ లేస్తుందేమో అని కూడా ఒక ఆశ. వేలు తెర మీద ఆడుతోంది గానీ నొక్కడం లేదు.

“కొనెయ్. బస్సు కదిలేలోగా కొనెయ్” అన్నాడు నాయన.

తెర మీద కనబడే ధరకు పుట్ అమ్మేవాళ్ళు లేరు. రెండుసార్లు నా ధర పెంచాను, దొరకలేదు. మూడోసారికి దొరికింది. కాల్ కూడా కొని మూసేశాను. డ్రైవర్ హారన్ కొట్టాడు.

నాయన ఎన్ని రూపాయలని అడగలేదు. “ఎన్నడుగులు పోయినాయి?” అన్నాడు. బోరుకు అడుగు లెక్కన ఇవ్వాలి.

భాగించి చూశాను. “మూడొందలు. ఇంక ఆరొందలకే సరిపోతాది.”

కుప్పంలో దిగి ఏజెంటు దగ్గరికి పోయాం.

ఏజెంటు మా చేను రామసముద్రం దగ్గరని వినగానే, “ఆ పక్క తొమ్మిదొందలు దిగితే గానీ నీళ్ళు పడేది లేదన్నా” అన్నాడు.

“ఆరొందలకు నిలిపెయ్యప్పా.”

“ఆడికి పడకపోతే?”

నాయన పొద్దున టమోటాకు వచ్చిన డబ్బులోంచి అడ్వాన్సు తీసిచ్చి, “బండి ఎప్పుడొస్తాది?” అన్నాడు.

“సోమారం.”

సోమవారానికి ఇంకా నాలుగు రోజులు. ఈసారి ఆరొందల అడుగులకు నీళ్ళు పడకపోతే, మధ్యలో కొని మూసేయడానికి ఏమీ లేదు.