షీల్డు గెలిచిన ఎండాకాలం

మా నందిగామ జట్టు బెజవాడలో ఫుట్‌బాల్ షీల్డు గెలిచిన ఎండాకాలమే నేను మా ఇంటికి కానివాణ్ణయ్యాను.

పెనుగంచిప్రోలు దిగువన, మునేరు ఒడ్డున మా ఊరు. నేను సెంటర్ ఫార్వర్డ్. లెఫ్ట్ అవుట్ ఆడేవాడిది మా ఊరి హరిజనవాడే. నాన్నకు పొలాలుండేవి, ఊళ్ళో ఆయన మాట చెల్లేది. కొడుకు నిక్కరేసుకుని వాడ కుర్రాడితో భుజాలు రాసుకుంటూ పరుగెత్తడం ఆయనకు కంటగింపు. షీల్డు ఇంటికి తెస్తే కన్నెత్తి చూడలేదు.

ఆ ఎండలకు మునేరు ఎండిపోయింది. వాడలో బావి లేదు. ఇసుకలో గుంటలు తవ్వి, ఊరిన చెలమ నీళ్ళే తాగేవాళ్ళు. కలరా వచ్చింది. ఓ పొద్దున లెఫ్ట్ అవుట్ మా దొడ్డి వాకిట్లో నిలబడ్డాడు.

"అన్నా, మా అమ్మకి వాంతులు ఆగట్లా. బండి కట్టడానికి ఎవరూ రావట్లా."

మా బండే కట్టాను. నాన్న వచ్చి కాడి పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇంట్లో పసిబిడ్డుంది. ఆ వాడ తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కమాక."

ఆయన భయం అబద్ధం కాదు. మా అమ్మాయికి అప్పటికి పాకడం కూడా రాదు. కానీ మా చుట్టాలింట్లో కలరా తగిలినప్పుడు ఇదే నాన్న డాక్టర్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. అది గుర్తుకొచ్చి ఎద్దుల్ని అదిలించాను.

ఆమెను నందిగామ ఆస్పత్రిలో చేర్చాం. జట్టులో కొందరు వచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్ళను నేనేమీ అనను. వచ్చినవాళ్ళం జబ్బుపడ్డవాళ్ళను మోశాం, నీళ్ళు కాచి పోశాం, టీకాలు వేసేవాళ్ళ వెంట ఇల్లిల్లూ తిరిగాం. ఆ తల్లి బతికింది. కొడుక్కి తగులుకుంది. మైదానంలో ఎవరికీ అందనివాడు సాయంత్రానికి మంచం మీద పక్కకు కూడా తిరగలేకపోయాడు. "దాహం, అన్నా," అన్నాడు. ఆ తర్వాత మాట లేదు. పాడె ఓ పక్క నేనే పట్టాను.

ఇంటికొస్తే తలుపు తియ్యలేదు. గొడ్లచావిట్లో పడుకున్నాను. నా భార్య అన్నం గిన్నె దూరంగా పెట్టి, బిడ్డను ఎత్తి చూపించేది. గండం గడిచాక నాన్న కబురంపాడు, తప్పయిందంటే లోపలికి రావచ్చని.

"మీరేం తప్పు చేశారని తప్పయిందంటారు?" అంది నా భార్య. "పదండి, నందిగామలో ఓ గది చూసుకుందాం."

బిడ్డను చంకనేసుకుని తనే ముందు నడిచింది. అమ్మ వీధి మలుపుదాకా వచ్చి, ఏడుస్తూ ఆగిపోయింది.

మరుసటి వేసవిలో జట్టంతా కలిసి వాడలో బావి తవ్వాం. మొదట ఉప్పునీళ్ళు పడ్డాయి. చేతులు బొబ్బలెక్కి, విసుగొచ్చి, ఇద్దరు మానేశారు. పూడ్చేసి ఇంకోచోట తవ్వితే మంచినీళ్ళు పడ్డాయి. కొడుకు పోయిన ఆ తల్లికి చెంబు అందించాను. తీసుకోలేదు.

"మీరు తాగండయ్యా," అని లేచి వెళ్ళిపోయింది.

ఇంకొన్నేళ్ళు ఆడాను. షీల్డు మళ్ళీ రాలేదు. నాన్నా నేనూ మాట్లాడుకోలేదు. మా అమ్మాయి బళ్ళో చేరినప్పుడు ఆయన నందిగామ వచ్చి, బడి గేటు బయట కాసేపు నిలబడి వెళ్ళాడని ఎవరో చెప్పారు. మా గది అక్కడికి రెండు వీధుల అవతలే.