నా దేవుణ్ణి లేడనని మనిషి

మా ఆయన స్నేహితుడంటే నాకు కుళ్ళు. మర్యాదగా చెప్పడానికి వేరే మాట దొరక్క కాదు, ఉన్న సంగతి అదే.

ఇద్దరూ ఒకే కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మా ఆయన దేవుడు లేడంటారు. స్నేహితుడు చర్చికి వెళ్ళే మనిషి, ఉన్నాడంటారు. నేను అన్నయ్యగారనే పిలుస్తాను, కుళ్ళు కుళ్ళే, మర్యాద మర్యాదే. సాయంత్రమయ్యేసరికి బ్రాడీపేటలో మా ఇంటి ముందు అన్నయ్యగారి స్కూటర్ ఆగుతుంది. వరండాలో రెండు కుర్చీలు పడతాయి. అప్పటిదాకా ఫోన్‌లోంచి తలెత్తని మా ఆయనకు ప్రాణం లేచొస్తుంది.

దేవుడే ఉంటే మిర్చికి నల్లతామర పురుగును ఎందుకు పుట్టించాడని మా ఆయన మొదలుపెడతారు. మా చేను ఆ పురుగు పాలైనప్పటి నుంచి ఇదే ఆయన ఆయుధం. అది అన్యాయమని నీకెందుకనిపించింది, ఆ అనిపించడం నీలో ఎవరు పెట్టారని అన్నయ్యగారు అడుగుతారు. పెట్టడానికి ఒకడు కావాలంటే ఆ ఒకణ్ణి ఎవరు పెట్టారని మా ఆయన లేస్తారు. నేను గుమ్మం లోపల కూర్చుని అంతా వింటుంటాను. నాతో మాత్రం మా ఆయనకున్న మాటలు మూడో నాలుగో. నీళ్ళు కాగాయా, గ్యాస్ వచ్చిందా, కూరలో ఉప్పు చాల్లేదు.

నేను రోజూ దీపం పెడతాను. పెళ్ళయిన కొత్తలో గొడవ చేస్తారేమోనని భయపడ్డాను. గొడవ లేకపోగా పూజకు పువ్వులు కూడా ఆయనే తెస్తారు. చుట్టాలకు అది గొప్ప సంస్కారం. నాకేమో ఒళ్ళు మంట. స్నేహితుడి దేవుణ్ణి రోజూ లేడంటారు. నా దేవుణ్ణి ఒక్కసారైనా అనలేదు. ఓసారి అడిగితే, "నీ ఇష్టం నీది, నాకెందుకు?" అని నవ్వారు. నేనూ డిగ్రీ చదివిన దాన్నే. కాదనడానికి కూడా పనికిరానిదా నా నమ్మకం?

మొన్న మాఘంలో పండుమిరపకాయల పచ్చడి నూరాను. కొత్త పచ్చడి దేవుడికి పెట్టేదాకా నాలుక మీద వేసుకోకూడదన్నది మా పుట్టింటి పద్ధతి. దేవుడి దగ్గర పెట్టి, వరండాలో ఉన్న ఇద్దరికీ అన్నంలో కలిపి ఇచ్చాను. అన్నయ్యగారు ఒక ముద్ద తిని ఆగిపోయారు. ఉప్పు వేయడమే మర్చిపోయాను.

దేవుడికి పెట్టేది ముందు రుచి చూడకూడదని చెప్పాను. అన్నయ్యగారు నవ్వలేదు. కుర్చీ నా వైపు తిప్పుకున్నారు.

"మరి చప్పగా ఉందని మీ దేవుడు చెప్పలేదా చెల్లెమ్మా?"

చెప్పడండీ, వంకలు పెట్టడానికి ఇంట్లో ఒకరున్నారు కదా అన్నాను. అన్నయ్యగారి దేవుడైతే మాట్లాడతాడట, ప్రార్థనలో ఆ మాటలు ఈయన వింటారట. నోరు విప్పనివాడు ఉన్నాడని ఎట్లా నమ్ముతావమ్మా అని అడిగారు.

"మాట్లాడని మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశానండీ. ఉన్నాడనే నమ్మాను."

అన్నయ్యగారు కంచం పక్కన పెట్టారు. తర్వాత నన్ను వరసగా ఏవేవో అడిగారు, నాకు తోచింది నేను చెప్పాను. మా ఆయన మధ్యలో కల్పించుకోబోతే, "ఆగరా, చెల్లెమ్మను చెప్పనియ్" అన్నారు. మా ఆయన కంచంలో ముద్ద కెలుకుతూ కూర్చున్నారు. ఆ మొహం నాకు బాగా తెలుసు. సాయంత్రాలు గుమ్మం లోపల నా మొహం అచ్చం అట్లాగే ఉండేది.

స్కూటర్ వెళ్ళిపోయింది. మా ఆయన వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"చూడు, నీ దేవుడు లేడు" అన్నారు. "నువ్వు పూజలో పెట్టిన పచ్చడి పెట్టినట్టే ఉంది. ఉంటేగా తినడానికి."

నేను చేతులు తుడుచుకుని వరండాలోకి నడిచాను. అన్నయ్యగారి కుర్చీలో కూర్చున్నాను.

"రండి, ఎందుకు లేడో చెప్పండి" అన్నాను.