పెండ్లి కార్డులో లచ్చవ్వ

2022 ఎండాకాలం. హుస్నాబాద్ బస్టాండు దగ్గర నా ప్రింటింగ్ షాపులో పెండ్లి కార్డుల సీజన్. ఒకప్పుడు కార్డు వెనుక రూట్ మ్యాప్ నేనే చేత్తో గీసేవాణ్ని. వంకర రోడ్డు, హనుమాన్ గుడి, వాటర్ ట్యాంకు, చివర ఒక బాణం. ఆ బొమ్మలంటే నాకు ప్రాణం. ఇప్పుడు అందరూ క్యూఆర్ కోడ్ అడుగుతున్నారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే పెండ్లింటికి దారి చూపే నలుపు తెలుపు గళ్ల బొమ్మ అది.

రాజమల్లు తన బిడ్డ పెండ్లి కార్డుకు వచ్చాడు. వాళ్ల ఊరు రిజర్వాయర్ కింద పోయింది. ఊరివాళ్లకు బదులుగా కట్టించిన కొత్త కాలనీకి కూడా పాత ఊరి పేరే పెట్టుకున్నారు. ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే కాపీ, చేతికిచ్చి స్కాన్ చేసి చూడమన్నాను. ఫోన్‌లో ఎర్ర గుర్తు నీళ్ల నడుమ నిలబడింది. ఊరు కదిలిందని మ్యాప్‌కు ఎవరు చెప్పారు గనక.

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. అంతకుముందు కాలనీలో జరిగిన ఒక పెండ్లికి చుట్టాలు ఆటో అతని ఫోన్‌ను నమ్ముకుని రిజర్వాయర్ కట్ట మీదికి పోయి, అలిగి, అట్నుంచి అటే ఇంటికి వెళ్లిపోయారట.

"నా బిడ్డ పెండ్లికి గట్ల కావద్దు భాయ్. మేనమామలు రాకుంటే పిల్లను పీటల మీదికి ఎవలు తీసుకస్తరు?" అన్నాడు.

కోడ్ సరిచేశాను. అయినా ఆయన బామ్మర్దులవి బటన్ ఫోన్లు. కాలనీలో చూస్తే ఇండ్లన్నీ ఒకే కొలత, ఒకే రంగు. చాలా రోజుల తర్వాత పెన్సిల్ తీసి, గుర్తులు చెప్పమన్నాను. గుడి ఇంకా లేవలేదు, చెట్లు మోకాలెత్తు. ఆయన కాలనీ మలుపులు వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"మొదటి మలుపుకాడ లచ్చవ్వ ఉంటది. పాత ఊళ్లె మా పక్కిల్లు. మా బామ్మర్దులకు మంచిగ ఎరుకే."

మొదటి మలుపులో లచ్చవ్వ ఇల్లు, రెండో మలుపులో టైలర్ సాయన్న ఇల్లు గీసి పేర్లు రాశాను. గుడులు, ట్యాంకులు గీసిన చేతితో మనుషులను గుర్తులుగా పెట్టడం అదే మొదటిసారి.

పెండ్లికి నన్నూ పిలిచాడు. మొదటి మలుపులో ఒక ముసలమ్మ ఎండలో కుర్చీ వేసుకుని, తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. నేను అడగకముందే చెయ్యి ఎడమకు చూపింది. బండి ఆపి, లోపల నీడకు కూర్చోవచ్చు కదా అవ్వా అన్నాను.

"ఎట్ల కూసుంట బిడ్డా? కార్డుల నా పేరు అచ్చేసిన్రు. నేను లోపటికి పోతే సుట్టాలు దారి తప్పరా?"

మేనమామలు వచ్చారా అని అడిగాను.

"పొద్దుగాలనే వచ్చిన్రు. నన్ను పట్టుకొని ఏడ్సిన్రు. నువ్వు పో, ముంగట సాయన్న ఉన్నడు."

నిజంగానే ఉన్నాడు, మెడలో టేపుతో సహా. భోజనాల వేళ లచ్చవ్వ విస్తరి ఆ కుర్చీ దగ్గరికే వెళ్లింది. పట్టుకెళ్లింది పెద్ద మేనమామ.

ఇప్పుడూ కార్డుల మీద క్యూఆర్ కోడ్ వేస్తూనే ఉన్నాను. వేసే ముందు మాత్రం, మీ మలుపుకాడ ఎవరుంటారని అడుగుతాను.