యాభై అడుగుల హద్దు

విమానం దిగేసరికి పొద్దున పదకొండయింది. ఎండ నలభై రెండు డిగ్రీలు. రన్‌వే పక్కనంతా నెర్రెలిచ్చిన నల్లటి నేల. కిట్‌బ్యాగు దించి, ఒక పెళ్ళ తీసి వేళ్ళతో నలిపాను. మా ఊరి మట్టే. మదురైకి దక్షిణాన స్థిరపడ్డ తెలుగువాళ్ళం దాన్ని కరిసల్ అంటాం. మిగతా తెలుగువాళ్ళకు నల్లరేగడి.

దక్షిణ సూడాన్‌కు వెళ్ళాలని నేనెప్పుడూ అనుకోలేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. సైన్యంలో బుల్‌డోజర్ నడిపేవాణ్ణి. శాంతి సేనకు ఎంపికైన ఆపరేటరు వైద్యపరీక్షలో తప్పాడు. సుబేదారు వచ్చి వారంలో బయలుదేరగలవాడెవడని అడిగాడు. నేను చెయ్యెత్తాను. ఎక్కడికని ఆ తరవాత అడిగాను.

ఆ వయసులో నేనంతే. సైన్యంలో చేరింది కూడా అలాగే. కోయంబత్తూరులో మోటారు పంపుల కంపెనీలో పనికని వెళ్ళి, దారిలో సైనిక భర్తీకి నిలబడ్డ వరస చూసి, అందులో నిలబడ్డాను. సాయంత్రానికి పరుగులో నెగ్గాను. కంపెనీ గేటు నేను ఇప్పటికీ చూడలేదు.

మా బృందంలో అందరూ ఉత్తరాదివాళ్ళు. హవల్దారుది హర్యానా, వైర్‌లెస్ ఆపరేటరుది గఢ్వాల్. నా భాష వచ్చినవాడు ఒక్కడూ లేడు. అసలు నా తెలుగు తెలుగువాళ్ళకే సరిగా తెలియదు. శిక్షణలో ఒక విజయవాడ కుర్రాడు నేను మాట్లాడేది విని, ఇది ఏ భాష అని అడిగాడు. అతను వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. ఆ తరవాత అతనితో హిందీలోనే మాట్లాడాను.

శిబిరంలో ఆదివారం మధ్యాహ్నం పది నిమిషాలు ఫోను. మొదటి వారం అమ్మ నా ఆరోగ్యం అడగలేదు.

"ఆడ నేల ఎట్ల ఉండాది సామీ?"

"మన కరిసలేమా. అచ్చం మన కాడు మాదిరి."

"అట్లైతే వాన పడినంక బండి ఎత్తొద్దు. మీ పెద్దోళ్ళతో సొల్లు."

కాడంటే మాకు చేను, సొల్లంటే చెప్పు. మిగిలిన ఆరు రోజులూ నా భాషకు పనిలేదు. డోజర్ మీద కూచుని నాలో నేనే గొణుక్కునేవాణ్ణి. ఇంజను హోరులో నా గొంతు నాకే వినబడేది కాదు.

మా పని, శిబిరం నుంచి నది రేవు దాకా ముప్ఫయ్యొక్క కిలోమీటర్ల మట్టిరోడ్డు. ఆ రోడ్డు మీదే ఊళ్ళకు ధాన్యం లారీలు వెళ్ళాలి. వానాకాలం లోపల గట్టు పోసి ఎత్తు చెయ్యాలి. పదిహేడో కిలోమీటరు దగ్గర ఉండగా తొలివాన పడింది. అరగంట పడి ఆగింది. పదకొండుంబావుకు హవల్దారు మళ్ళీ పని మొదలుపెట్టమన్నాడు. ఈ మట్టి తడిస్తే మోయదు, రెండు రోజులు ఆగాలని చెప్పాను. ఆయన రోడ్డు వైపు చూశాడు. పైన ఎండ కాస్తోంది. ఇంకొక్క కిలోమీటరు చేసి ఆపుదామన్నాడు. పన్నెండూ నలభైకి డోజర్ ఎడమ చైను పొట్ట దాకా దిగిపోయింది.

మళ్ళీ మబ్బు పట్టేలోపల మిగతావాళ్ళు గట్టి రోడ్డు మీదున్న లారీలో వెనక్కి వెళ్ళాలి. యంత్రాన్ని వదిలి వెళ్ళకూడదు. ఇద్దరు కాపలా ఉండాలి, ఎవరుంటారని హవల్దారు అడిగాడు. నేను చెయ్యెత్తాను. గఢ్వాలీ కూడా ఎత్తాడు, వైర్‌లెస్ సెట్టు అతనిదే కాబట్టి. ఒక గుడారం, రెండు రైఫిళ్ళు, అరవై లీటర్ల నీళ్ళు, ఏడు రోజుల తిండి. రెండు గంటలకొకసారి రిపోర్టు. యంత్రానికి యాభై అడుగులు దాటి ఎవరూ వెళ్ళకూడదు. ఆ ప్రాంతంలో తుపాకులతో తిరిగే ముఠాలున్నాయి. హవల్దారు స్వయంగా అడుగులు లెక్కపెట్టి నాలుగు వైపులా కర్రలు పాతి వెళ్ళాడు.

రెండు రోజులు మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. అతను వంతు దిగితే పడుకునేవాడు, నేను దిగితే నేను. కనుచూపు మేర గడ్డి, ఆకాశం. చుట్టూ చెట్టన్నది లేదు.

మూడో రోజు పొద్దున ఏడింటికి ఒకామె వచ్చింది. అమ్మ వయసుంటుంది. నడుముకు గింజల మూట, చేతిలో తన ఎత్తు కర్ర. కర్రల హద్దుకు అవతల, మరో ముప్ఫై అడుగుల దూరంలో ఆమె చేను. కర్రతో ఒక గుంట పొడిచి, ఒంగి నాలుగు జొన్నగింజలు వేసి, పాదంతో మట్టి కప్పి, నడుము పట్టుకుని లేచేది. మళ్ళీ గుంట. అది ఇద్దరి పని. ఒకరు పొడుస్తూ పోవాలి, వెనక ఒకరు గింజ వేస్తూ రావాలి. మా ఊళ్ళో నాయన నాగలి పట్టేవాడు, వెనక అమ్మ జొన్న వేసేది. ఆమె వెనక ఎవరూ లేరు. ఎందుకు లేరో నాకు తెలియదు.

నేల విత్తే పదునులో ఉంది. నల్లమట్టికి పదును రెండు రోజులు. దాటితే గట్టిపడుతుంది, ఈలోపల ఇంకో వాన పడితే అడుగు పెట్టలేం.

తొమ్మిదింటికి ఆమె నన్ను చూసింది. గుంట చూపించింది, గింజలు చూపించింది, నన్ను చూపించింది. భాష అక్కర్లేని సంగతి. నేను సెట్టు దగ్గరికి వెళ్ళాను.

"హద్దు దాటి ముప్ఫై అడుగులు వెళ్ళడానికి అనుమతి కావాలి. ఒక పెద్దామెకు సాయం. పగటిపూటే. ఓవర్."

కొంతసేపు గరగర. తరవాత హవల్దారు గొంతు. "నీ పని యంత్రం. కదలొద్దు. ఓవర్."

గఢ్వాలీ నా మొహం చూసి అన్నాడు. "వెళ్ళు. నేను చెప్పను."

నేను వెళ్ళలేదు. చెయ్యెత్తడం నాకు తెలుసు. పైవాళ్ళు అడక్కుండా హద్దు దాటడం తెలియదు. ఆమె మధ్యాహ్నం మరోసారి పిలిచింది. నేను తల అడ్డంగా ఊపాను. మర్నాడు కూడా వచ్చింది, నా వైపు చూడలేదు. సాయంత్రం నాలుగూ ఇరవైకి వాన మొదలైంది. మూడో వంతు చేను మిగిలిపోయింది.

రోడ్డు ఆరి, డోజర్‌ను లాగడానికి బండి వచ్చేసరికి ఎనిమిదో రోజు. చివరి రోజు తిండి సగం సగం తిన్నాం. వానాకాలమంతా ఆ దారి మూసేశారు. డిసెంబరులో మళ్ళీ అటు వెళ్ళాను. ఆమె విత్తిన మేర కోసిన మోళ్ళు ఉన్నాయి. మిగతా అంతా నా నడుమెత్తు గడ్డి. ఆమె కనబడలేదు.

ఏడాది నిండాక మదురైలో దిగాను. ఊళ్ళో అందరూ సింహాన్ని చూశావా అని అడిగారు. చూడలేదన్నాను. సైన్యం వదిలి వచ్చి ఇప్పుడు నాలుగేళ్ళు. సొంత ట్రాక్టరు ఉంది. పోయిన పురట్టాసి నెలలో విత్తనాలప్పుడు గట్టు మీద కూచుని అమ్మకు ఈ సంగతంతా చెప్పాను. ఆర్డరు అని కూడా చెప్పాను. 

"ఆయమ్మకి నీ ఆర్డరు సంగతి తెలిసుండదు గదా సామీ," అంది అమ్మ.

అవును, తెలిసుండదు. ఆ పొద్దున తొమ్మిదింటి ఎండలో ఆమె చాచిన చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. గుప్పిట విప్పి ఉంది, అరచేతిలో తెల్లజొన్నలు. నేను వస్తానని అలాగే నిలబడింది. తరవాత ఆ గింజలను ఒక్కటి కూడా జారకుండా మెల్లగా మళ్ళీ మూటలో పోసుకుంది.