ఏ పుస్తకం? ఏ పేజీ?

సూర్యాపేటలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో చివరి ఏడాది ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు రాయాలి. గైడ్ సంతకం లేనిదే డిగ్రీ చేతికి రాదు. రాయాలి అన్నమాటే గానీ రాసేవాళ్లు ఎవరూ లేరు. కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపులో అన్నీ తయారుగా దొరికేవి. అట్ట మీద పేరు, హాల్‌టికెట్ నెంబరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేసి షాపువాడు చేతిలో పెట్టేవాడు. సీనియర్లు అలాగే చేశారు, వాళ్ల సీనియర్లూ అలాగే చేశారు.

నా స్నేహితురాలు కొన్న ప్రాజెక్టును ఒకరోజు తిరగేశాను. మునగాల మండలంలో వ్యవసాయం గురించి. తుఫాను వచ్చినప్పుడల్లా మునగాల రైతుల కొబ్బరి తోటలు నేలకూలుతున్నాయనీ, సముద్రపు ఉప్పునీళ్లు పొలాల్లోకి వచ్చేస్తున్నాయనీ రాసి ఉంది. మాది మునగాల దగ్గరి పల్లెటూరే. మేం సముద్రం చూడాలంటే సగం రోజు బస్సులో కూర్చోవాలి. ఎక్కడో కోస్తా నుంచి తెచ్చిన ఫైలులో షాపువాడు మండలం పేరు ఒక్కటే మార్చాడు. దాని మీద గైడ్ సారు సంతకం కూడా అయిపోయింది.

"నువ్వు సదివినవా దీన్ని?" అని అడిగాను.

"సారే సదవలే, నేనెందుకు సదువుతనే?" అంది.

నాకు ఒళ్లు మండింది. నేను కొనను, రాస్తాను అని క్లాసులో అందరి ముందూ చెప్పేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా అమ్మ ఊరికే అనదు.

సాగర్ ఎడమ కాలువ చివరి భూముల మీద రాయాలనుకున్నాను. మా పొలం కూడా ఆ చివర్లోనే ఉంది. నెల రోజులు సూర్యాపేట గ్రంథాలయంలో కూర్చున్నాను. చుట్టూ ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు, ఎవరి పుస్తకాలు వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకునేవారు. గ్రంథాలయం పుస్తకాలు బీరువాల్లో తాళం కింద ఉండేవి. బతిమాలి తీయించుకుని, కనిపించిందల్లా లాంగ్ నోట్‌బుక్ నిండా ఎక్కించుకున్నాను. దాంతో ప్రాజెక్టు రాసి, గర్వంగా తీసుకెళ్లి సారు ముందు పెట్టాను.

ఆయన మొదటి పేజీలోని ఒక వాక్యం పైకి చదివాడు. "కాలువ నీరు చివరి ఎకరం దాకా అందుతుంది. గీ మాట ఏ పుస్తకంల ఉన్నది? ఏ పేజీ?" అన్నాడు.

గబగబా నా రాతలన్నీ తిరగేశాను. నోట్‌బుక్‌లో విషయమంతా ఉంది, ఒక్క పుస్తకం పేరు లేదు.

"సొంతంగ రాస్తనని లొల్లి చేస్తివి గద. ఆధారం లేకపోతే ఇది కథ. నేను సంతకం పెట్ట. ఇంక పది రోజులే ఉన్నయి, షాపుకు పో" అన్నాడు.

ఆయన అడగడం తప్పు కాదు. నన్నొక్కదాన్నే అడగడం తప్పు. కొబ్బరి తోటలను ఏ పేజీ అని ఎవరూ అడగలేదు. ఆ కోపంతోనే మర్నాడు పొద్దున్నే మళ్లీ గ్రంథాలయం మెట్లెక్కాను. తీసిన పుస్తకాలే మళ్లీ తీయించి, ఒక్కో మాట వెతికి, పక్కన పేజీ నెంబరు వేసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. అన్నీ దొరికాయి, ఆ మొదటి మాట తప్ప. అది ఉన్న కాలువల పాత పుస్తకం అట్ట ఊడిపోయి బైండింగుకు వెళ్లిందట. ఇంకో కాపీ కోదాడలో ఉండొచ్చన్నారు. కోదాడ వెళ్తే, "ఇక్కడ లేదమ్మా, మిర్యాలగూడలో ఉంటుందేమో అడిగి చూడండి" అన్నారు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాను.

అక్కడ గ్రంథాలయం చూసే ఆమెకు యాభై ఏళ్లుంటాయి. పుస్తకం పేరు, మా పొలమున్న కాలువ చివరి భూముల మీద ప్రాజెక్టు రాస్తున్నాననీ చెప్పగానే కళ్లద్దాలు పైకి జరిపి నన్ను చూసింది. "గీడికి వచ్చేటోళ్లు పుస్తకం అడగరు బిడ్డా, చార్జింగ్ పాయింట్ ఏడుందని అడుగుతరు" అంటూ తనే లేచి బీరువా తీసింది.

పుస్తకం దొరికింది. నా వాక్యం అక్షరం పొల్లుపోకుండా అక్కడే ఉంది. సంతోషంతో పేజీ నెంబరు రాసుకోబోయాను. ఆమె ఆ పేజీలో పైన వేలు పెట్టింది.

"గీ హెడ్డింగు సదివినవా?"

పథకం పూర్తయ్యాక ఆశించే ఫలితాలు అని ఉంది. సూర్యాపేటలో నేను దాన్ని వదిలేసి కింది వాక్యం ఒక్కటే రాసుకున్నాను.

"మీ పొలానికి నీళ్లొస్తయా?"

"రావమ్మా. ఎన్నడూ సరిగ్గ రాలే."

"మరి వస్తయని ఎందుకు రాసినవ్?"

"పుస్తకంల ఉన్నదని."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు ఆరోజు తెలిసింది. కొబ్బరి తోటలను చూసి నవ్విన నేను, మా పొలం ఎండుతుంటే నీళ్లు పారుతున్నాయని రాశాను. 

ఆమె నా నోట్‌బుక్ లాక్కుని మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎడమ పక్క పుస్తకం మాట, కుడి పక్క నా మాట. రెండూ కలవకూడదు. రాయడం మొదలుపెట్టే ముందే పైన పుస్తకం పేరు, రాసినవారి పేరు, ఏడాది, పేజీ. కావాల్సిన పేజీకి ముందు పేజీ, తర్వాత పేజీ కూడా చదవాలి. "పుస్తకానికి గూడ ఎదురు తిరగొచ్చు బిడ్డా. కాకపోతే ముందు దాన్ని మొత్తం సదివి తిరగాలె" అంది.

మిగిలిన రోజుల్లో ప్రాజెక్టంతా మళ్లీ రాశాను. పుస్తకం ఆశ పెట్టిన మాటను పేజీతో సహా పెట్టి, దాని కిందే మా కాలువ గట్టు మీద నేను చూసింది తేదీలతో రాశాను. చివరి రోజు సారు దగ్గరికి వెళ్లాను.

"పుస్తకంల ఉన్నదాన్ని నువ్వు కాదంటవా? గా భాగం తీసెయ్" అన్నాడు.

"తియ్య సార్. తప్పయితే ఏ పేజీల ఏ లైను తప్పో రాసియ్యుండ్రి. పోయి సూసొస్త."

స్టాఫ్ రూములో మిగతా సార్లు ఇటు తిరిగారు.  నేను కదల్లేదు. సారు కుర్చీ ముందుకు లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. ఆయన ఒక ప్రాజెక్టును చదవగా చూడటం నాకు అదే మొదటిసారి. చివర్లో ఒకచోట ఎర్ర పెన్నుతో గీత గీశాడు. ఆఖరి తూము దాకా నీళ్లు వచ్చింది ఒక్క ఏడాదేనని నేను రాసిన చోట.

"ఇది ఎవరు చెప్పిన్రు?"

"మా నాయిన సార్."

"ఆధారాల్ల లేడు గద?"

నిజమే. మూడు ఊళ్లు తిరిగి పుస్తకాలన్నీ ఎక్కించాను, ఇంట్లో మనిషిని మరిచిపోయాను. కాగితాలు లాక్కుని, ఆధారాల జాబితాలో అన్నిటికంటే కింద మా నాయన పేరు రాశాను. రైతు, మా ఊరు, ఆఖరి తూము, ఆయన నాకు చెప్పిన తేదీ.

"సదువుకోని మనిషిని పుస్తకాల లిస్టుల రాస్తరా?" అన్నాడు సారు.

"నేను రాస్త సార్. ఆ తూము కాడ నిలబడి సూసింది ఆయనొక్కడే."

సారు ఆ పేరు రెండుసార్లు చదివాడు. దాని కిందే సంతకం పెట్టాడు.